అవయవదానం: విజయవాడ, గుంటూరు ఇళ్లలో తరచుగా అడిగే ప్రశ్నలు

మా అన్నయ్య మూడేళ్లు డయాలసిస్ మీద ఉన్నాడు. వారానికి మూడు రోజులు గుంటూరు నుంచి విజయవాడ తీసుకెళ్లి, తీసుకొచ్చే పని ఎక్కువగా నాదే. తర్వాత కిడ్నీ మార్పిడి జరిగింది. అప్పటి నుంచి పెళ్లిళ్లలో, అపార్ట్‌మెంట్ మెట్ల మీద, బ్యాంకు లైనులో కూడా చుట్టాలు, తెలిసినవాళ్లు నన్ను ఆపి అడిగే ప్రశ్నలు ఇవి. ఎదురుగా కూర్చుంటే ఎలా చెబుతానో అలాగే రాశాను.

బ్రెయిన్ డెడ్ అంటే కోమానే కదా? కోమాలోంచి లేచినవాళ్లు ఉన్నారు కదా?

అన్నిటికంటే ఎక్కువగా అడిగేది ఇదే. ఇక్కడ తేడా అర్థం కాకపోతే మిగతా జవాబులేవీ మనసుకు ఎక్కవు.

కోమాలో ఉన్న మనిషి మెదడు బతికే ఉంటుంది. దెబ్బతిన్నా ఎంతో కొంత పనిచేస్తూనే ఉంటుంది. అందుకే కొందరు కోలుకుంటారు. బ్రెయిన్ డెడ్ అలా కాదు. తలకు పెద్ద దెబ్బ తగిలినా, మెదడులో రక్తనాళం చిట్లినా ఒక్కోసారి లోపల వాపు పెరిగి, మెదడుకు రక్తం వెళ్లడం పూర్తిగా ఆగిపోతుంది. మెదడు అడుగున ఉండే మెదడు కాండం (బ్రెయిన్ స్టెమ్) చచ్చిపోతుంది. ఊపిరి తీసుకోమని ఒంటికి చెప్పేది ఆ మెదడు కాండమే. అది పోయాక మనిషి తనంతట తాను ఒక్క ఊపిరి కూడా తీసుకోలేడు. అలా పోయినవాళ్లు తిరిగి రారు. చట్టం ప్రకారం కూడా అది మరణమే.

మరి గుండె ఎందుకు కొట్టుకుంటోంది అంటారు. గుండెకు సొంతంగా కొట్టుకునే ఏర్పాటు లోపలే ఉంది. వెంటిలేటర్ గాలి కొడుతున్నంత సేపు, రక్తంలో ఆక్సిజన్ ఉన్నంత సేపు అది కొట్టుకుంటుంది. గంటల్లోనో, రోజుల్లోనో అదీ ఆగిపోతుంది. ఈ మధ్యలో ఇంట్లోవాళ్లు పడే నరకం మాత్రం మామూలుది కాదు. చెయ్యి పట్టుకుంటే వెచ్చగా ఉంటుంది. ఛాతీ పైకీ కిందకీ కదులుతుంటుంది. మానిటర్ మీద గీత నడుస్తూనే ఉంటుంది. ఒక్కోసారి వెన్నుపాము వల్ల వేళ్లు కూడా కదులుతాయి. ‘మావాడు పడుకున్నట్టే ఉన్నాడండీ, పోయాడంటారేంటి’ అని ఐసీయూ బయట ఒక తల్లి అడుగుతుంటే విన్నాను. ఆమె అడిగినదాంట్లో తప్పేమీ లేదు. చూసే కంటికి నిజంగా అలాగే ఉంటుంది.

సరే, డాక్టర్లు తొందరపడి రాసేస్తే? అవయవాల కోసం వైద్యం ఆపేస్తే?

ఈ భయం ఉన్నవాళ్లను ఎవరూ తక్కువ చేయకూడదు. చట్టం చేసినవాళ్లు కూడా ఈ భయాన్ని దృష్టిలో పెట్టుకునే చేశారు.

బ్రెయిన్ డెడ్ అని ఒక్క డాక్టరు రాస్తే చెల్లదు. నలుగురు ఉండాలి. ఆసుపత్రి బాధ్యుడైన డాక్టరు, ప్రభుత్వం ఆమోదించిన జాబితాలోంచి ఒక నిపుణుడు, నరాలకో మెదడుకో సంబంధించిన నిపుణుడు, అప్పటిదాకా వైద్యం చేసిన డాక్టరు. అవయవం తీసేవాళ్లు, అమర్చేవాళ్లు ఈ నలుగురిలో ఉండటానికి వీల్లేదు. పరీక్షలు ఒకసారి చేసి, కనీసం ఆరు గంటలు ఆగి, మళ్లీ మొత్తం చేయాలి. కంట్లో లైటు వేసి కంటిపాప కదులుతుందా చూస్తారు. కంటి గుడ్డును దూదితో తాకి రెప్ప పడుతుందా చూస్తారు. చెవిలో చల్లని నీళ్లు పోసి కనుగుడ్లు కదులుతాయా చూస్తారు. గొంతులో తాకితే దగ్గు వస్తుందా చూస్తారు. చివరిది ఊపిరి పరీక్ష. ముందు ఆక్సిజన్ నిండా ఇచ్చి, వెంటిలేటర్ నుంచి కాసేపు వేరు చేసి, రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పెరిగేదాకా చూస్తారు. మెదడు కాండంలో ఊపిరిని నడిపే భాగానికి ఏమాత్రం ప్రాణం ఉన్నా ఆ స్థితిలో మనిషి ఊపిరి తీసుకోకుండా ఉండలేడు. అప్పటికీ ఛాతీ కదలకపోతేనే నిర్ధారిస్తారు.

ఇదంతా అయ్యాకే అవయవదానం మాట ఎత్తాలి. మీకు అనుమానం ఉంటే ఏ పరీక్షలు చేశారో, ఎప్పుడు చేశారో చెప్పమని అడగండి. అడిగే హక్కు మీకుంది. నచ్చకపోతే వద్దు అనొచ్చు, ఎవరూ బలవంతం చేయలేరు.

నన్ను బాధపెట్టే సంగతి దీనికి పూర్తిగా వేరేది. మా బంధువుల్లో ఒక కుర్రాడు బైకు మీంచి పడి, తలకు దెబ్బ తగిలి పోయాడు. హెల్మెట్ లేదు. ఆసుపత్రిలో మూడు రోజులున్నాడు. ఆ మూడు రోజుల్లో ఒక్కరు కూడా వచ్చి ‘మీకు ఇష్టమేనా’ అని అడగలేదు. మాకూ తెలియలేదు. తర్వాత తెలిసింది, అడిగి ఉంటే వాళ్ల నాన్న ఒప్పుకునేవారని. ఆయన ఇప్పటికీ ఆ మాట అంటుంటారు.

డయాలసిస్ ఉంది కదా, మళ్లీ మార్పిడి దేనికి?

వారానికి మూడుసార్లు, ఒక్కోసారి నాలుగు గంటలు. ఫిస్టులా, అంటే డయాలసిస్ కోసం రక్తనాళాలు కలిపి కుట్టిన చోటు, ఉన్న చేతిలో రెండు లావు సూదులు. ఆ చేత్తో బరువు ఎత్తకూడదు, బీపీ కూడా చూడనివ్వకూడదు. వేలు పెడితే లోపల జివ్వుమంటూ రక్తం పరుగెత్తేది తెలుస్తుంది. మిషన్ మీంచి దిగాక ఆ రోజంతా మనిషి పిండేసినట్టు అయిపోతాడు.

అన్నిటికంటే కష్టం నీళ్లు. ఒంట్లో నీరు బయటికి పోయే దారి లేదు కాబట్టి తాగే నీళ్లకు లెక్క. విజయవాడ మే నెల మీకు తెలుసు కదా. ఆ ఎండల్లో మా అన్నయ్య పొద్దున్నే ఒక అరలీటరు సీసా నింపి పెట్టుకునేవాడు. రోజంతా అదే. మాత్రలకూ అందులోంచే. మధ్యాహ్నానికి సగం అయిపోతే మిగతాది ఫ్రిజ్‌లో చిన్న ముక్కలుగా గడ్డకట్టించి, ఒక్కో ముక్క నోట్లో పెట్టుకుని కరిగేదాకా కూర్చునేవాడు. మార్పిడి అయిన కొన్ని రోజులకు డాక్టరు ‘నీళ్లు బాగా తాగండి’ అన్నారు. చెంబెడు నీళ్లు ఎత్తి గటగటా తాగి, అన్నయ్య ఏడ్చేశాడు.

డయాలసిస్ ప్రాణం నిలబెడుతుంది, కాదనను. ఎన్టీఆర్ వైద్య సేవలో ఉచితంగా చేస్తున్నారు, నెలకు 10,000 రూపాయల పింఛను కూడా ఉంది. ఎన్టీఆర్ జిల్లా ఎ.కొండూరు మండలం తండాల్లో ఇంటింటికీ కిడ్నీ జబ్బు ఉన్న కుటుంబాలకు అది ఎంత ఆసరానో మాటల్లో చెప్పలేం. కానీ మిషన్ చేసేది కిడ్నీ పనిలో కొంత భాగమే. కాలేయానికి, గుండెకు అయితే ఏళ్ల తరబడి నెట్టుకొచ్చే అలాంటి మిషన్ కూడా చాలామందికి అందుబాటులో లేదు. మార్పిడి జరిగితే బతుకుతారు, లేకపోతే లేదు.

ఒక మనిషి నుంచి ఏమేం ఇవ్వొచ్చు?

రెండు కిడ్నీలు, కాలేయం, గుండె, రెండు ఊపిరితిత్తులు, క్లోమం, చిన్నపేగు. ఎనిమిది మంది దాకా బతకొచ్చు. ఇవి కాక కళ్లు, చర్మం, గుండె కవాటాలు, ఎముకలు.

అంబులెన్సుకు పోలీసులు దారి ఖాళీ చేయిస్తారు కదా, అంత తొందర ఎందుకు?

బయటికి తీశాక ఒక్కో అవయవానికి ఒక్కో గడువు ఉంటుంది. గుండె, ఊపిరితిత్తులు నాలుగు నుంచి ఆరు గంటల్లోపు అమర్చాలి. కాలేయం సుమారు పన్నెండు గంటలు ఆగుతుంది. కిడ్నీలు ఒక రోజు పైనే ఆగుతాయి. విజయవాడలో గుండె తీసి గన్నవరం విమానాశ్రయానికి తీసుకెళ్లాలంటే బెంజి సర్కిల్, రామవరప్పాడు రింగు దాటాలి. సాయంత్రం ఆరింటికి అక్కడ ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు. అందుకే గ్రీన్ ఛానల్. దారి పొడవునా సిగ్నళ్లు ఆపి అంబులెన్సును ఆగకుండా పంపుతారు. మీరు ఆ రోజు ట్రాఫిక్‌లో ఇరుక్కుంటే విసుక్కోకండి.

ఇలాంటివి హైదరాబాదు, చెన్నైలలోనే జరుగుతాయన్న అభిప్రాయం ఇంకా ఉంది. 2016 మే నెలలో మన గుంటూరు జీజీహెచ్‌లోనే, డాక్టర్ ఆళ్ల గోపాలకృష్ణ గోఖలే బృందం గుండె మార్పిడి చేసింది. ప్రభుత్వ పెద్దాసుపత్రిలో, పేదవాడికి. ఇంకా వెనక్కి వెళ్తే, దేశంలో మొదటి విజయవంతమైన గుండె మార్పిడి 1994 ఆగస్టు 3న ఢిల్లీ ఎయిమ్స్‌లో జరిగింది. చేసిన డాక్టర్ పి. వేణుగోపాల్ మన రాజమండ్రిలో పుట్టినవారే. ఆ తేదీనే ఇప్పుడు జాతీయ అవయవదాన దినంగా జరుపుతున్నారు.

ఇంట్లో చనిపోతే ఏమీ ఇవ్వలేమా?

గుండె, కిడ్నీల వంటివి సాధారణంగా ఆసుపత్రిలో వెంటిలేటర్ మీద బ్రెయిన్ డెడ్ అయినవాళ్లవే పనికొస్తాయి. కానీ కళ్లు ఇవ్వొచ్చు. ఎక్కువమందికి వీలయ్యేది ఇదే, ఎక్కువమంది వదిలేసుకునేదీ ఇదే.

మా పెదనాన్న బ్రాడీపేటలో ఇంట్లోనే పోయారు, రాత్రి పదకొండు దాటాక. ఏడుపుల మధ్య మా అక్క లేచి ముందు చేసిన పని, ఫ్యాను ఆపేయడం. గాలికి నల్లగుడ్డు ఎండిపోతుంది కాబట్టి. రెప్పలు మూసి, తడి దూది పెట్టి, తల కింద దిండు ఎత్తుగా సర్ది, అప్పుడు ఐ బ్యాంకుకు ఫోన్ చేసింది. ఉక్కపోతకు చుట్టాలు సణిగారు కూడా. గంటన్నరలో ఇద్దరు వచ్చారు, చిన్న పెట్టెతో. మమ్మల్ని బయట ఉండమన్నారు. ఇరవై నిమిషాలు. కొంచెం రక్తం పరీక్షకు తీసుకున్నారు, పెదనాన్న కాళ్లకు దండం పెట్టి వెళ్లారు. లోపలికి వెళ్లి చూస్తే మామూలుగా నిద్రపోతున్నట్టే ఉన్నారు.

చనిపోయిన ఆరు గంటల్లోపు తీయాలి. కళ్లద్దాలు ఉన్నా, శుక్లాల ఆపరేషన్ అయినా, షుగర్, బీపీ ఉన్నా ఇవ్వొచ్చు. ఎనభై ఏళ్లు దాటినా ఇవ్వొచ్చు. హెచ్‌ఐవీ, హెపటైటిస్ బి, సి, రేబిస్, ఒళ్లంతా ఇన్ఫెక్షన్ సోకి పోయినవాళ్లవి తీసుకోరు. విజయవాడ దగ్గర తాడిగడపలో ఎల్.వి.ప్రసాద్ కంటి ఆసుపత్రి ఉంది, గుంటూరు దగ్గర పెదకాకానిలో శంకర కంటి ఆసుపత్రి ఉంది. ఇప్పుడే ఒక నంబరు కనుక్కుని ఫోన్‌లో పెట్టుకోండి. ఆ రాత్రి వెతుక్కోవడం ఎవరివల్లా కాదు.

చివరి చూపుకు శరీరం బాగుంటుందా?

బాగుంటుంది. ఆపరేషన్ థియేటర్లో, మామూలు ఆపరేషన్ చేసినట్టే చేసి కుట్లు వేసి అప్పగిస్తారు. స్నానం, బట్టలు, పాడె అన్నీ మామూలే. ఇప్పుడు మన రాష్ట్రంలో దాతల అంత్యక్రియలను ప్రభుత్వం తరఫున కూడా గౌరవంగా జరిపిస్తున్నారు.

వచ్చే జన్మలో కళ్లు లేకుండా పుడతారంటారు. మతం ఒప్పుకుంటుందా?

నేను పండితురాలిని కాదు. కానీ శ్రీకాళహస్తి వెళ్లిరాని ఇల్లు మన వైపు అరుదు. అక్కడ ముందు ఎవరికి దండం పెడతాం? శివుడి కంటికి తన కన్ను పీకి పెట్టిన తిన్నడికి. కన్ను ఇచ్చినందుకే కన్నప్ప అయ్యాడు. ఎముకలిచ్చిన దధీచిని, తొడ కోసిచ్చిన శిబిని పిల్లలకు కథలుగా చెబుతూ, మన దాకా వచ్చేసరికి వెనకాడితే ఎలా? చితిలో కాలిపోయే కళ్లు ఇద్దరికి చూపునిస్తే పాపం ఎలా అవుతుంది?

క్రైస్తవుల్లో పోప్ రెండో జాన్ పాల్ అవయవదానాన్ని మెచ్చుకున్నారు. ఇరాన్, సౌదీ అరేబియా లాంటి ముస్లిం దేశాల్లోనూ మరణానంతర అవయవదానం చట్టబద్ధంగా నడుస్తోంది. మీ పురోహితుణ్ణో, పాస్టరునో, మౌల్వీనో మీరే అడగండి. ముందే అడగండి.

ఖర్చు ఎవరిది? డబ్బులిస్తారా?

అవయవాలను కాపాడటానికి, తీయడానికి అయ్యే ఖర్చు దాత కుటుంబం మీద వేయకూడదు. నియమాల్లోనే ఉంది. అంతకుముందు జరిగిన వైద్యం బిల్లు వేరు. అవయవానికి డబ్బు ఇవ్వడం, తీసుకోవడం నేరం.

యాక్సిడెంట్ కేసు అయితే?

పోలీసులకు చెప్పాలి, పంచనామా, పోస్టుమార్టం ఉంటాయి. వాటితో పాటే దానానికీ చట్టంలో దారి ఉంది. ఆసుపత్రిలోని అవయవదాన కోఆర్డినేటర్ ఆ కాగితాలన్నీ చూసుకుంటారు. ముందే చెప్పాలి కదా, కొంత ఆలస్యం అవుతుంది. తీసే ఆపరేషను, ఏర్పాట్లు, పోస్టుమార్టం కలిపి ఒక్కోసారి రోజు దాటుతుంది. బయట ఎదురుచూసే చుట్టాలకు ఎవరో ఒకరు ఇది విడమరిచి చెబుతూ ఉండాలి, లేకపోతే గొడవలు అక్కడే మొదలవుతాయి.

చివరికి డబ్బున్నవాళ్లకే పోతాయిగా?

మన రాష్ట్రంలో జీవన్‌దాన్ అనే ప్రభుత్వ వ్యవస్థ ఉంది. అవయవం కావలసినవాళ్లు తాము చూపించుకునే ఆసుపత్రి ద్వారా అందులో పేరు నమోదు చేయించుకోవాలి. బ్లడ్ గ్రూపు, ఎన్నాళ్ల నుంచి ఎదురుచూస్తున్నారు, ఎంత అత్యవసరం అన్నవి చూసి కేటాయిస్తారు. దాత ఎవరో పొందినవాళ్లకు, పొందినవాళ్లెవరో దాత కుటుంబానికి చెప్పరు. గుండె, కాలేయం మార్పిడికి ప్రైవేటులో చాలా ఖర్చవుతుందన్నది నిజమే. పేరు నమోదు చేసుకునే స్తోమత కూడా లేని పేదలున్నారు, అది ఇంకా సరిదిద్దాల్సిన విషయమే. కిడ్నీ మార్పిడి ఎన్టీఆర్ వైద్య సేవ కింద ఉంది. ఆసుపత్రిలో ఆ పథకం కౌంటర్ దగ్గర అడగడానికి మొహమాటపడకండి.

బతికుండగా ఎవరు ఇవ్వొచ్చు?

పద్దెనిమిదేళ్లు నిండిన దగ్గరి బంధువులు. అమ్మానాన్న, భార్యాభర్తలు, పిల్లలు, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు, తాతలు, అమ్మమ్మ, నానమ్మ, మనవలు. ఒక కిడ్నీ, లేదా కాలేయంలో కొంత భాగం. కాలేయం కొన్ని నెలల్లో మళ్లీ పెరుగుతుంది. తమ ఇంట్లో బ్లడ్ గ్రూపు కలవని రెండు కుటుంబాలు ఒకరికొకరు ఇచ్చుకునే వీలు కూడా చట్టంలో ఉంది. దానికీ, మిగతావాళ్లు ఇవ్వడానికీ చట్టప్రకారం ఏర్పాటైన కమిటీ అనుమతి కావాలి.

ఇక్కడ ఒక లెక్క చెప్పకుండా ఉండలేను. 2023లో మన దేశంలో 18,378 మార్పిడులు జరిగాయి. బతికుండగా అవయవం ఇచ్చినవాళ్లు 15,436 మంది. వాళ్లలో 9,784 మంది ఆడవాళ్లు. ఆ ఏడాది దేశం మొత్తం మీద మరణానంతర దాతలు 1,099 మందే. చనిపోయినవాళ్ల కిడ్నీలు చితికి పోతుంటే, బతికున్న తల్లులు, భార్యలు ఆపరేషన్ బల్ల ఎక్కుతున్నారు.

మా అన్నయ్యకు ఇచ్చింది మా అమ్మ. అప్పటికి ఆమెకు అరవై ఒకటి. జీవన్‌దాన్ జాబితాలో అన్నయ్య పేరు రెండేళ్లున్నా వంతు రాలేదు. నాన్న, నేను టెస్టులకు వెళ్దామా అని మాట్లాడుకుంటుంటే అమ్మ అప్పటికే చీర మార్చుకుని గుమ్మంలో నిలబడింది. ఇప్పుడు బాగానే ఉంది, ఏడాదికోసారి చెకప్. కానీ ఆమెను అడగాల్సిన అవసరం రాకుండా ఉండాల్సింది.

డబ్బు అవసరం ఉంది, కిడ్నీ ఇస్తే తప్పేంటి?

దళారులు వచ్చేది సరిగ్గా ఈ మాట విన్నప్పుడే. అప్పుల్లో ఉన్నవాళ్లను వెతికి పట్టుకుని, లక్షలిస్తామని చెప్పి, దొంగ బంధుత్వం కాగితాలు పుట్టించి, ఆపరేషన్ అయ్యాక ఫోన్ ఎత్తరు. మన జిల్లాల్లోనే ఇలాంటి కేసులు పత్రికల్లో చూశాం. అమ్మకం, కొనుగోలు, మధ్యవర్తిత్వం అన్నిటికీ అయిదు నుంచి పదేళ్ల జైలు, 20 లక్షల నుంచి కోటి రూపాయల దాకా జరిమానా. ఫేస్‌బుక్‌లో, వాట్సాప్‌లో ‘కిడ్నీ కావలెను’ అని వస్తే ఫార్వర్డ్ చేయకండి.

శరీరదానం కూడా ఇదేనా?

కాదు. శరీరదానం వైద్య విద్యార్థుల చదువు కోసం. గుంటూరు మెడికల్ కాలేజీ, విజయవాడ సిద్ధార్థ మెడికల్ కాలేజీ లాంటి చోట్ల అనాటమీ విభాగంలో కనుక్కోవాలి. కళ్లు ఇచ్చి, శరీరం కూడా ఇవ్వొచ్చు. లోపలి అవయవాలు తీశాక మాత్రం శరీరాన్ని సాధారణంగా కాలేజీలు తీసుకోవు.

మార్పిడి అయ్యాక మామూలు మనిషి అవుతారా?

పనికి వెళ్తారు, తిరుగుతారు. కానీ కొత్త అవయవాన్ని ఒళ్లు తిరస్కరించకుండా మాత్రలు జీవితాంతం, టైముకు వేసుకోవాలి. ఒక పూట కూడా మానకూడదు. మా ఇంట్లో పొద్దున ఎనిమిదికి, రాత్రి ఎనిమిదికి అలారం మోగుతుంది. ఇన్ఫెక్షన్లు తొందరగా అంటుకుంటాయి, కాబట్టి జలుబు ఉన్నవాళ్లు ఇంటికి రాకపోతే మంచిది.

నేను ఇస్తాను. ఎక్కడ రాయాలి?

అవయవదానం చూసుకునే జాతీయ సంస్థ నోట్టో వెబ్‌సైట్‌లో ఆధార్‌తో నమోదు చేసుకోవచ్చు. మన జీవన్‌దాన్‌లోనూ చేసుకోవచ్చు. డ్రైవింగ్ లైసెన్స్ దరఖాస్తులో కూడా అవయవదానం గడి ఉంటుంది, చాలామంది చూడకుండా వదిలేస్తారు. సందేహాలకు నోట్టో ఉచిత ఫోన్ 1800 11 4770.

అయితే కార్డు ఉన్నంత మాత్రాన సరిపోదు. ఆ రోజు సంతకం పెట్టాల్సింది మీ ఇంట్లోవాళ్లు. వాళ్లు వద్దంటే కార్డు పర్సులోనే ఉండిపోతుంది. కార్డు లేకపోయినా, మీ ఇష్టం వాళ్లకు తెలిసి ఉంటే చాలు, వాళ్లు ఒప్పుకోవచ్చు. అందుకని ముందు ఇంట్లో చెప్పండి. భార్యకో భర్తకో ఒక్కరికే కాదు, ఆ సమయంలో నలుగురిలో గట్టిగా మాట్లాడే మేనమామకో, పెదనాన్నకో కూడా చెప్పండి.

చావు మాట ఇంట్లో ఎత్తితే అరుస్తారు. ఎలా మొదలుపెట్టాలి?

మా ఇంట్లో చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తుండగా మొదలైంది. నాన్న పేపరు చదువుతున్నారు. ‘నాకేమన్నా అయితే నావి ఇచ్చేయండి నాన్నా, కళ్లతో సహా’ అన్నాను. ‘శుభమా అని పొద్దున్నే ఏంటే ఆ మాటలు’ అని కసిరారు. అమ్మ తలెత్తకుండా, ‘నాది ఒకటి ఇచ్చేశాగా, రెండోది కూడా పనికొస్తుందేమో కనుక్కో’ అంది. కనుక్కున్నాను. అప్పటికి బాగా పనిచేస్తుంటే ఇవ్వొచ్చన్నారు. నాన్న వారం రోజులు ఆ ఊసే ఎత్తలేదు. తర్వాత ఒక సాయంత్రం వాకింగ్ నుంచి వచ్చి చెప్పులు విప్పుతూ, ‘ఆధార్ నంబరు కావాలన్నావు కదా, నాది రాసుకో’ అన్నారు.